కందిపప్పు అరలో ఫ్యాలంక్స్

జూలై 3, గురువారం. రాబిగ్, సౌదీ అరేబియా

వచ్చి చేరాను.

జెద్దా విమానాశ్రయం నుంచి ఇక్కడికి కారులో వచ్చినంతసేపూ మా ఆయన బాబ్జాన్ మాట్లాడిన మాటలు ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి. వాటిలో ఒకటి "బెల్టు". నిఖా అయి ఏడాదిన్నర. పెళ్ళికి పెట్టిన సెలవు అయిపోగానే విమానమెక్కిన మనిషి. ఆ తర్వాత మా కాపురమంతా ఫోనులోనే. "తిన్నావా", "ఊ", "నెట్ సరిగ్గా లేదు". ఎదురెదురుగా కూర్చుంటే నెట్ సమస్య ఉండదనుకున్నాను. ఉంది.

ఇల్లు బాగానే ఉంది. రెండో అంతస్తు. కిటికీలోంచి చూస్తే దూరంగా ఆయన పనిచేసే రిఫైనరీ, దాని గొట్టం చివర మంట. టీ పెడదామని వంటింట్లో పై అర తలుపు తీశాను. లోపల ఒక సైన్యం నా ముఖం మీదికి ఈటెలు గురిపెట్టి నిలబడి ఉంది.

కేక పెట్టాను. ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"భయపడొద్దు," అన్నాడు. "అవి మనవే."

వేలి కణుపంత ప్లాస్టిక్ మనుషులు. డాళ్ళు, టోపీలు, మోకాళ్ళకు తొడుగులు, అన్నిటికీ రంగులు. ఏ అర తలుపు తీసినా వాళ్ళే. ఉప్పు డబ్బా మాత్రం నేల మీద, శరణార్థిలాగా.

విజిట్ వీసా మూడు నెలలు. కావాలంటే పొడిగించుకోవచ్చట. అవసరం రాదు. ఈ మనిషి నాతో మాట్లాడకపోతే గడువు రోజుకే జమ్మలమడుగు వెళ్ళిపోతాను. స్కూల్లో నా ఐదో తరగతి పిల్లలున్నారు, హెడ్‌మిస్ట్రెస్ చిట్టెమ్మగారు రమ్మంటారు. ఈ సంగతి ఇక్కడ తప్ప ఎక్కడా అనలేదు.

జూలై 5

కందిపప్పు ఎక్కడ పెట్టుకోవాలో చెప్పమన్నాను.

"పై అరలో గ్రీకోళ్ళు ఉండారు. కింద అరలో మాసిడోనియావాళ్ళు," అని తల గోక్కున్నాడు. చాలాసేపు ఆలోచించి, "నడిమి అరలో పర్షియావాళ్ళను మంచం కిందికి పంపిస్తాలే," అన్నాడు. ఏదో రాజ్యం రాసిచ్చినట్టు.

ఇప్పుడు మా కందిపప్పుకు పైన గ్రీసు, కింద మాసిడోనియా. పసుపు డబ్బా తియ్యాలంటే ఈటెల మధ్యలోంచి చెయ్యి పోనివ్వాలి.

అమ్మ ఫోన్ చేసింది.

"అల్లుడు ఎట్లుండాడమ్మా?"

"బాగుండాడు మా."

"బాగా మాట్లాడతాండాడా?"

"చానా."

జూలై 9

ఈ రోజు మా ఇంట్లో జరిగిన సంభాషణ మొత్తం:

"ఉప్పు."

"ఇదిగో."

జూలై 17

సాయంత్రం పై అర తుడుస్తున్నాను. గ్రీకులు. గుండ్రటి పెద్ద డాళ్ళవాళ్ళు. ఆయన వెనక కూర్చుని టీ తాగుతున్నాడు. ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను.

"వీళ్ళంతా ఇట్ల అతుక్కుని నిలబడతారెందుకు? కొట్లాడేదానికి జాగా వద్దా?"

"ఊ" అంటాడనుకున్నాను. గ్లాసు కింద పెట్టిన చప్పుడైంది.

"డాలు యాడుండాదో చూడు," అన్నాడు, లేచి నా పక్కకొచ్చి. "ఎడమ చేతికి. సగం వాణ్ణి కాస్తాది, సగం ఎడమ పక్కోణ్ణి కాస్తాది. ఒకడు పారిపోతే పక్కోడు సగం బయటపడతాడు. అందుకే అతుక్కుని నిలబడాల. దీన్నే ఫ్యాలంక్స్ అంటారు. అయితే ఒక చిక్కుండాది. ఎవనికైనా కుడి పక్క కాపుదల తక్కువ గదా? భయానికి కుడి పక్కోని డాలు చాటుకు జరుగుతాడు. వాడు ఇంకొకని చాటుకు. అట్ల జరుగుతా జరుగుతా సైన్యమంతా కుడికి ఒరిగిపోతాది. ఎదురుగా వచ్చేవాళ్ళు గూడా వాళ్ళ కుడికి ఒరుగుతారు!"

నాకు నవ్వొచ్చింది. ఎండాకాలం మా ఇంట్లో ఫ్యాను కింద పడుకునే వరుస గుర్తొచ్చింది. రాత్రి గోడ దగ్గర పడుకున్న పిల్ల తెల్లారేసరికి నడింట్లో ఉంటుంది. ఆ మాట చెప్పాను. ఆయన కూడా నవ్వాడు. ఈ మనిషికి ఎడమ బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఏడాదిన్నరగా నా మొగుడు, నాకు తెలియదు.

పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినపడేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు. బాగ్దాద్ వైపు పాత మట్టి నగరాల్లో దొరికిన రాతి చెక్కడం ఒకటి ఫోనులో చూపించాడు. నాలుగున్నర వేల ఏళ్ళ కిందటిదట. అందులోనూ డాళ్ళ గోడ, గోడలోంచి బయటికి ఈటెలు. "అప్పటికే వరుస కట్టడం నేర్చినారు," అన్నాడు, వాళ్ళు తన స్టూడెంట్లయినట్టు.

ఆయన గొంతు బాగుంటుంది.

జూలై 18

నాకు ఈ బొమ్మల మీద ఏ ఆసక్తీ లేదని రాసిపెట్టుకుంటున్నాను. మూగబోయిన రేడియో మోగింది. మళ్ళీ ఆగిపోకుండా ఏదో ఒకటి తిప్పుతూ ఉండాలి, అంతే.

రేపటి ప్రశ్న: టోపీలు అందరికీ ఒకేలా ఎందుకు లేవు?

జూలై 19

టోపీల ప్రశ్న బ్రహ్మాండంగా పనిచేసింది.

మొదట్లో కంచు టోపీ తలంతా మూసేదట, కళ్ళకు రెండు కంతలు తప్ప. గట్టిదే. కానీ చెవులు మూసుకుపోతాయి. దళపతి ఆగమన్నా వినపడదు, పొమ్మన్నా వినపడదు. పైగా ఎండ, చెమట. పోను పోను చెవుల దగ్గర తెరిచిన టోపీలొచ్చాయి. కొందరు ఉత్త శంకువులాంటి టోపీ పెట్టుకున్నారు. దెబ్బ తగిలే ప్రమాదం ఎక్కువే. "అయినా వినపడాల గదా," అన్నాడు.

"వినపడితే చాలదు, పలకాల గూడా," అన్నాను.

అర్థం కాలేదు ఆయనకు. "పలకడమెందుకు? ముందుకు పోతే చాలు," అన్నాడు.

కొందరికి ఆ మూసిన టోపీ పుట్టుకతోనే వస్తుంది.

ఆగస్టు 1, శుక్రవారం

సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాడు. గాలి వేడిగా, తడి గుడ్డలాగా ముఖానికి అంటుకుంది. అరగంట కూర్చున్నాం. నేను ప్రశ్న అడగలేదు. ఆయనా మాట్లాడలేదు. కావాలనే అడగలేదు. ప్రశ్న లేకపోతే ఏమవుతుందో చూద్దామని.

ఏమీ కాలేదు.

దారిలో ఐస్‌క్రీం కొన్నాడు. నాది కరిగిపోతుంటే తన టిష్యూలన్నీ ఇచ్చాడు. దానికీ మాట ఖర్చు పెట్టలేదు.

సెప్టెంబరు చివరికి వెళ్ళిపోతాను. అదే మంచిది.

ఆగస్టు 12

నాకు ఆసక్తి లేదు, కానీ ఈ రోజు తొమ్మిది డాళ్ళకు రంగు వేశాను.

ఎలా జరిగిందంటే, ఆయన డ్యూటీ నుంచి వచ్చి సన్న కుంచెతో డాలు మీద ఏదో గియ్యాలని తంటాలు పడుతున్నాడు. రిఫైనరీలో మీటర్లు, కవాటాలు సరిచేసే చెయ్యి. పెద్ద పనికి వణకదు, చిన్న గీతకు వణుకుతుంది. మా వీధిలో పెళ్ళిళ్ళకు గోరింటాకు పెట్టేది నేనే. ఆ వంకర గీత చూస్తూ ఊరుకోలేక కుంచె లాక్కున్నాను.

"ఏం గియ్యాల?"

"నీ ఇష్టం. అప్పట్లో డాలు ఎవనిది వాడే తెచ్చుకునేటోడు. బొమ్మ గూడా వాని ఇష్టమే. ఎద్దు, కోడి, పాము, ఏదైనా. ఒకడు ఈగ బొమ్మ వేసుకున్యాడంట."

"ఈగ ఎందుకు?"

"దగ్గరికొస్తే గానీ కనపడదని."

ఒకదాని మీద ఎండుమిరపకాయ వేశాను. ఒకదాని మీద గరిటె. ఒకదాని మీద చిట్టెమ్మగారి కళ్ళజోడు. చివరి దాని మీద మా పెద్దమ్మ అమీరున్నీసా ముఖం. కనుబొమలు కలిపి, మూతి బిగించి. అది చూసి ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఈమెను ముందు వరసలో పెడదాం," అన్నాడు. "శత్రువు అక్కడికక్కడే ఆగిపోతాడు."

ఇది ఆయన వేసిన మొదటి జోకు. తేదీ పైన ఉంది.

ఆగస్టు 26

ఇంటికి మనుషులొచ్చారు! జెద్దా నుంచి జునైద్, ఆయన భార్య ఫౌజియా. హైదరాబాద్ వాళ్ళు. జునైద్ ఓడల సరుకు కంపెనీలో అకౌంటెంటు, ఈ బొమ్మల పిచ్చిలో మా ఆయనకు తోడు. రోమన్ సైన్యం ఆయనది. ఇద్దరికీ ఈ జబ్బు అంటించింది ఎవరో ఫిలిప్పీన్స్ మిత్రుడట. ఫైనల్ ఎగ్జిట్ మీద, ఉద్యోగం వదిలి శాశ్వతంగా వెళ్ళిపోతూ అట్టపెట్టెలు వీళ్ళకు పంచి వెళ్ళాడు.

వీళ్ళిద్దరూ తివాచీ మీద యుద్ధాలు ఆడుకుంటారని ఇవాళే తెలిసింది. టేపుతో కొలిచి బొమ్మలు జరుపుతారు, పాచికలు వేసి చావులు తేలుస్తారు. మా ఆయన ఇంతవరకూ ఒక్కసారి కూడా గెలవలేదని కూడా ఇవాళే తెలిసింది.

"భాభీ, మీ ఆయన సైన్యం చూడనీకి మస్తుంటది," అన్నాడు జునైద్, నా చికెన్ పలావు మూడోసారి వడ్డించుకుంటూ. "ఒక్కటే పరేషాన్. పక్కకు తిరగరాదు."

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆయన వాడేది కింద అర సైన్యం, మాసిడోనియా. గ్రీకుల ఈటె ఒక మనిషికి కాస్త పైన. వీళ్ళది మూడు నిలువులు. రెండు చేతులా పట్టుకోవాలి. అందుకని డాలు చిన్నదైపోయి మెడలోంచి భుజానికి వేలాడుతుంది. ముందు ఐదు వరుసల ఈటెలు బయటికి పొడుచుకొస్తాయి, వెనకవాళ్ళవి పైకి ఏటవాలుగా లేచి, వచ్చే బాణాలకు అడ్డుపడతాయి. ఎదురుగా వచ్చినవాడు బతకడు. కానీ అంత పొడుగు కర్రతో గబుక్కున ఎవరు తిరగగలరు?

రోమన్లదీ మొదట ఇలాంటి వరుసేనట. కొండజాతులతో కొండల్లో కొట్లాడి దెబ్బలు తిన్నాక చిన్న చిన్న గుంపులుగా విడిపోయారు. గుంపుకూ గుంపుకూ మధ్య సందు, ఆ సందుకు ఎదురుగా వెనక వరుసలో ఇంకో గుంపు. ముందువాళ్ళు అలిసిపోతే వెనకవాళ్ళు వస్తారు. పొడుగాటి డాలు, పొట్టి కత్తి, విసరడానికి బల్లెం. ఆ బల్లెం డాలులో దిగాక వంగిపోతుంది, పీక్కోలేక డాలే పారెయ్యాలి.

ఇదంతా నేను జునైద్‌కే చెప్పాను. ఆయన ముద్ద నోటి దగ్గర ఆపి వింటుంటే, మా ఆయన నన్ను చూసిన చూపు ఏమిటో రాయలేను.

సెప్టెంబరు 19న జెద్దాలో వాళ్ళింట్లో యుద్ధం.

ఫౌజియా వెళ్ళేటప్పుడు చెవిలో అడిగింది: "నీతోని మాట్లాడ్తడా?"

"యుద్ధం గురించి అడిగితే మాట్లాడతాడు," అన్నాను.

"లక్కీ. మా ఆయనకు నోరు మూసుకోమని చెప్పే ప్రశ్న యాడ దొరుకుతదో."

సెప్టెంబరు 10, బుధవారం

నేను మాసిడోనియాను చంపేశాను.

మంచికే చేశాను. వంటింటి అరల్లో ఉండీ ఉండీ, నా తాలింపుల నూనె పొగ పట్టి సైన్యమంతా జిడ్డు. ఆ జిడ్డుతో జెద్దా వెళ్తే జునైద్ ఏమంటాడు? పొద్దున ఆయన డ్యూటీకి వెళ్ళగానే సబ్బునీళ్ళలో ఒక్కొక్కణ్ణీ కడిగి, స్టీలు పళ్ళెంలో వరుసగా నిలబెట్టి, ఆరడానికి బాల్కనీలో పెట్టాను. అమ్మతో ఫోను. తర్వాత కునుకు.

లేచి చూస్తే పళ్ళెం అట్లపెనంలాగా కాలుతోంది. ఈటెలన్నీ వాలిపోయాయి. ఒక్కటీ నిటారుగా లేదు. కొన్ని నేలను చూస్తున్నాయి, కొన్ని వెనక్కి తిరిగి తమ మనిషినే పొడుస్తున్నాయి. వానకు తడిసిన వరిచేను ఇంతకంటే బాగుంటుంది.

ఆయన వచ్చేసరికి నేను పళ్ళెం ముందు కూర్చుని ఏడుస్తున్నాను. ఆయన చూశాడు. పళ్ళెం వైపు, నా వైపు, మళ్ళీ పళ్ళెం వైపు. ముఖం అంతా బిగుసుకుపోయింది. దవడ అదిరింది. చెప్పులేసుకుని తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

తిట్టినా బాగుండేది.

సూట్‌కేసు కిందికి దించాను.

సెప్టెంబరు 11

నిన్నటి సంగతి పూర్తిగా రాయాలి.

మగ్రిబ్ తర్వాత తిరిగొచ్చాడు. నేను చీరలు మడతపెడుతున్నాను. గుమ్మంలో నిలబడిపోయాడు.

"యాడికి?"

"జమ్మలమడుక్కి."

"ఎందుకు?"

ఆ "ఎందుకు" విన్నాక నన్ను నేను ఆపుకోలేదు. "ఎందుకని నన్ను అడుగుతారా? వచ్చినప్పట్నించి మీరు నాతో మాట్లాడింది ఎంత? చచ్చిపోయినోళ్ళ గురించి గంటలు గంటలు చెప్తారు. బతికున్నదాన్ని నేను ఎట్లుండానో ఒక్కపూట అడిగినారా? మీ బొమ్మలు పాడుచేసినా. తిట్టండి. పళ్ళెం ఎత్తి పారేయండి. మనిషన్నాక కోపమన్నా రావాల గదా! ముఖం అట్ల పెట్టుకుని బయటికి పోతే నేనేమనుకోవాల?"

"కోపం కాదు," అన్నాడు.

"మరేంది?"

"నవ్వు."

నాకు సరిగ్గా వినపడలేదనుకున్నాను.

"నవ్వొచ్చింది సబీనా. ఆ ముందు వరసోడు ఉండాడే, వాని ఈటె వంగి వాని ముక్కులోకే పోయినాది. నువ్వేమో ఏడుస్తాండావు. ఏడ్చే మనిషి ముందర నవ్వితే ఇంగ ఈ జన్మలో నా ముఖం చూడవని బయటికి పోయినా. సముద్రం కాడ నిలబడి నవ్వినా. పక్కన చేపలు పడతాండే బంగ్లాదేశాయన నన్ను చూసి సామాను సర్దుకుని పోయినాడు."

చేతిలో చీర జారిపోయింది.

తర్వాత అసలు సంగతి బయటికొచ్చింది. నిఖా రోజున మా పెద్దమ్మ అమీరున్నీసా ఈయన్ను పక్కకు పిలిచి హితబోధ చేసిందట. "మా పిల్ల మాటకారి. నువ్వు ఒకటంటే పదంటాది. నాయనా, తక్కువ మాట్లాడు, కాపురం నిలబడతాది." ఈయన అసలే నోరు లేని మనిషి. ఆ మాటను కంపెనీ సేఫ్టీ రూలులాగా పాటించాడు. ఏం మాట్లాడితే ఏం తప్పు దొర్లుతుందోనని భయం. బొమ్మల సంగతి అయితే తప్పులుండవు, అందుకని అవి మాత్రం ధైర్యంగా చెప్పేవాడు.

ఏడాదిన్నర! ఆ ముఖాన్ని నేనే డాలు మీద గీసి, ముందు వరసలో పెట్టించాను!

"నువ్వెళ్ళిపోతావేమోనని దినామూ అనుకుంటాండా," అన్నాడు, సూట్‌కేసు వైపు చూడకుండా. "ఉండమని అడిగితే, కాదంటావేమోనని అడగలా."

"ఇప్పుడు వీటి సంగతేంది?" అన్నాను, పళ్ళెం చూపించి.

"వేడినీళ్ళలో ముంచి, సాపు చేసి, చన్నీళ్ళలో వేస్తే బిగుసుకుంటాయి. అంతే."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చు గదా!"

ఇద్దరం వంటింట్లోకి వెళ్ళాం. ఒక గిన్నెలో మరిగే నీళ్ళు, ఒక గిన్నెలో ఐసు నీళ్ళు. ఆయన ముంచి తీస్తాడు, నేను ఈటె సాగదీసి పట్టుకుంటాను, ఐసులో పడేస్తాను. వేళ్ళు కాలాయి. ముక్కులో ఈటె ఉన్నవాడి వంతు రాగానే ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ తర్వాత చాలాసేపు పని జరగలేదు.

సెప్టెంబరు 12

సూట్‌కేసు పైన పెట్టాను. కింద ఉంటే కాలికి తగులుతోంది, అందుకని.

సెప్టెంబరు 20

నిన్న జెద్దా యుద్ధం. ఇప్పటికీ నా గొంతు బొంగురుగానే ఉంది.

జునైద్ వాళ్ళ హాలు. తివాచీయే మైదానం, దిండ్లు కొండలు. తివాచీ నడుమ ఒక మడత ఉంది, ఎంత లాగినా సాపు కాదు. దాన్ని ఎగుడుదిగుడు నేల అనుకోవాలని ఒప్పందం. మా సైన్యం ఒక కొస సోఫా కాలుకు ఆనించి, ఇంకో కొస ఫౌజియా కూర్చున్న కుర్చీకి ఆనించి నిలబెట్టాం. పక్కలనుంచి దారి లేకుండా. ఆ ఆలోచన ఆయనదే, ఒప్పుకోవాలి.

ఆట మొదలయ్యాక కాసేపటికి ప్లాంటు నుంచి ఆయనకు ఫోను. ఏదో మీటరు తప్పు అంకెలు చూపిస్తోందట. పాచికలు నా చేతిలో పెట్టి, "నా బదులు ఆడతా ఉండు," అని బాల్కనీలోకి వెళ్ళాడు.

"భయపడకండ్రి భాభీ," అన్నాడు జునైద్. "మెల్లగ చంపుత."

నా వంతు వచ్చింది. నేను కదలలేదు.

మళ్ళీ వచ్చింది. కదలలేదు.

"ఆడుండ్రి భాభీ."

"ఆడతానే ఉండా. నిలబడి ఉండా."

జునైద్ బల్లేలు విసిరాడు. ముందు వరుసలో కొందరు పడ్డారు, వెనకవాళ్ళు ముందుకొచ్చారు. అంతే. కుర్చీ పక్కనుంచి చుట్టి రావాలని చూశాడు. "ఫౌజియా, జర లే," అన్నాడు.

"కాళ్ళు నొస్తున్నయ్," అంది ఫౌజియా, వేరుశనక్కాయ ఒలుచుకుంటూ. "కొండ లేస్తదా యాడన్న?"

జునైద్ ముఖం కందగడ్డలా అయింది. రెచ్చగొట్టాడు, నవ్వాడు, చివరికి ఉండబట్టలేక ఎదురుగానే వచ్చిపడ్డాడు. మూడు నిలువుల ఈటెల మీదికి! రెండు గుంపులు అక్కడికక్కడే తుడిచిపెట్టుకుపోయాయి. మిగిలిన రోమన్లు వెనక్కి జరిగారు.

సరిగ్గా అప్పుడే మా ఆయన ఫోను జేబులో పెట్టుకుంటూ లోపలికొచ్చాడు. వెనక్కి పోతున్న రోమన్లను చూశాడు. జన్మలో చూడని దృశ్యం కదా, కళ్ళు మెరిశాయి.

"తరుముదాం!" అన్నాడు.

"వద్దు," అన్నాను.

"ఇంగొక్క దెబ్బ సబీనా!"

"మడతుండాది, చూసుకో, వద్దు..."

జరిపేశాడు. మడత మీదికి ఎక్కగానే వరుస విరిగింది. కుడి సగం పైన, ఎడమ సగం కింద, నడుమ గుమ్మమంత సందు. జునైద్ వదులుతాడా? పొట్టి కత్తులవాళ్ళను ఆ సందులోంచి లోపలికి పంపించాడు. అంత పొడుగు కర్రలు పట్టుకున్నవాళ్ళు ఒంటిమీదికొచ్చినవాణ్ణి ఏం చేస్తారు? పక్కకైనా తిరగలేరు. మొత్తం పోయింది.

నేను లేచి నిలబడ్డాను.

"కదలొద్దంటి గదయ్యా! చిలక్కి చెప్పినట్ల చెప్తి! నువ్వు చేతులు కట్టుకుని నిలబడుకోనుంటే చాలు గదా! నీకెందుకు తొందర?"

అప్పుడు గమనించాను, నువ్వు అన్నానని. అదీ నలుగురిలో. జునైద్ పాచికలు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఫౌజియా శనక్కాయ నమలడం ఆపింది.

మా ఆయన నా వైపు చూశాడు. ఎడమ బుగ్గ మీద సొట్ట పడింది.

"వెనక్కి పోయేవాణ్ణి తరమకపోతే ఎట్ల గెలుస్తావు?" అన్నాడు. నాకంటే గట్టిగా!

"గెలవకపోతే పాయె, ఓడిపోం గదా!"

"ఓడిపోకపోవడానికేనా జెద్దా దాకా వచ్చింది?"

భోజనాల దగ్గర అదే గొడవ. లిఫ్టులో అదే గొడవ. కారులో సీటుబెల్టు పెట్టుకుంటూ అదే గొడవ. దారిలో థువల్ అనే ఊరు దాటాక కాస్త ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టాడు. రాబిగ్ మంట కనిపించేసరికి ఇద్దరికీ గొంతులు పోయాయి. ఈయనకు ఇంత పెద్ద నోరుందని పెద్దమ్మకు తెలిస్తే ఏమైపోయేదో.

వాదనలో నాదే పైచెయ్యి.

సెప్టెంబరు 25, గురువారం

డ్యూటీ నుంచి వచ్చాడు. సేఫ్టీ బూట్లు కూడా విప్పలేదు, గుమ్మంలోనే నిలబడి, "ఆలోచించినా," అన్నాడు.

"ఏం?"

"మొన్నటి సంగతి. నువ్వు చెప్పింది తప్పు. జునైద్ మళ్ళీ వచ్చిపడేవాడు కాదు. ఒకసారి దెబ్బ తిన్నోడు రెండోసారి ఎదురుగా రాడు. సాయంత్రం దాకా చూస్తా కూచునేటోడు. అప్పుడు నువ్వేం చేస్తావు?"

ఒక పూట డ్యూటీ అంతా, ఆ మీటర్ల మధ్య తిరుగుతూ, ఈయన నాతో వాదించడానికి మాటలు పోగుచేసుకున్నాడు. పొయ్యి ఆపేశాను.

"ఇంగొకటి," అన్నాడు. జేబులోంచి ఫోను తీశాడు. గొంతు తగ్గింది. "వీసా గడువు దగ్గరికొచ్చినాది. పొడిగించేదానికి అన్నీ నింపినా. నువ్వు సరేనంటేనే. ఉంటావా?"

ఇట్టే అడిగేశాడు. ఏడాదిన్నర పట్టింది కానీ అడిగేటప్పుడు ఇట్టే అడిగాడు. బొటనవేలు తెర మీద గాలిలో నిలబడి ఉంది.

నాకు చాలా మాటలు వచ్చాయి. మాటకారిని కదా. కానీ ముందు చెప్పాల్సింది వేరే ఉంది.

"నొక్కు," అన్నాను. "నొక్కి, బూట్లిప్పి ఇట్ల వచ్చి కూర్చో. జునైద్ రాకపోతే ఏం చేస్తావంటావా? ముందే కొన్ని ఈటెలు కుర్చీ వైపు తిప్పిపెట్టి, ఫౌజియాను లేవమంటాను. సందు దొరికిందని అటు పరుగెత్తుకొస్తాడా రాడా? చెప్పు."

నొక్కాడు. కూర్చున్నాడు. ఆలోచనలో పడ్డాడు.

"ఫౌజియా లేవదే," అన్నాడు చివరికి.

"నేను చెప్తే లేస్తాది," అన్నాను.